పోయింది ఎర్రది, వచ్చింది నల్లది

ఆ పొట్టేలు దొరికిందన్న కబురు నాకు మొదట తెచ్చింది గొర్రెలకు సూదులు వేసే కాంపౌండర్. పేరు రాయను గాని, నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన బండి చప్పుడును ముందు గొర్రెలు గుర్తుపడతాయి, తర్వాతే మనుషులు. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్ళకు, ఒక శ్రావణమాసం పొద్దున నేను తులసికి నీళ్ళు పోస్తున్నాను. ఆయన మా గేటు బయట బండి ఆపి, దిగకుండానే చెప్పాడు.

"అక్కా, మీ బాపు పొట్టేలు దొరికింది."

నా చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. అప్పటికి మా బాపుకు మిగిలిన పొట్టేళ్ళు రెండే. వాటిలో ఏది తప్పిపోయిందో, నాకెవరూ ఎందుకు చెప్పలేదో అడగబోతుంటే, ఆయన సూదిమందుల డబ్బా తెరిచి, సీసాల నడుమ నుంచి ఒక డిస్కు తీసి చేతిలో పెట్టాడు. బస్టాండు పక్కన సినిమా డిస్కుల కొట్టు ఎత్తేస్తున్నారట. అందరూ ఫోన్లలోనే చూసుకుంటుంటే ఇంకా ఎవరు కొంటారని కొట్టాయన సరుకంతా గోనెసంచి మీద కుప్పపోశాడట. చాయ తాగుతూ ఊరికే వాటిని తిరగేస్తున్న కాంపౌండర్‌కు, ఒక అట్ట వెనుక వేలిగోరంత బొమ్మ కనిపించింది. బంగారు కొమ్ముల పొట్టేలు మబ్బుల్లో ఎగురుతోంది. అట్ట ముందు వైపున మాత్రం ఆ సినిమాలో ఎక్కడా లేని హీరోయిను నవ్వుతోంది.

అప్పుడు నాకు అర్థమైంది. అది మా మందలోది కాదు. ముప్పై ఏళ్ళ కింద మేము ఒక సినిమాలో చూసిన పొట్టేలు. మా బాపు చెప్పిన ప్రకారమైతే అది ఇంకా రాక్షసుడి గుహలోనే ఉంది.

నవ్వకండి అని అడగను. మా ఊరు ఊరంతా నవ్వింది, మీరు మాత్రం ఎందుకు ఊరుకోవాలి. కాని మేము అట్లా ఎందుకు నమ్మామో ముందు చెప్పాలి.

మాది కట్టంగూర్ దగ్గర ఒక చిన్న ఊరు. తాతల నాటి నుంచి గొర్రెలు కాచే ఇల్లు. నేను బడికి పోయినదాన్ని కాదు. ఎండలు ముదరగానే మేత కోసం మందతో పాటు ఇంటిల్లిపాదీ కృష్ణ వైపు దిగేవాళ్ళం. వానలు పడి తిరిగి వచ్చేసరికి బడిలో నా ఈడు పిల్లలు ఒక పుస్తకం దాటిపోయి ఉండేవాళ్ళు. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఎక్కడ గుడిసె వేసుకుంటే అక్కడ, సాయంత్రం మల్లన్న పటం ముందు దీపం పెట్టి, ఆ వెలుతురు వృథా పోకూడదని నన్ను పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. అందుకే నాకు ఇప్పటికీ పుస్తకం తెరిస్తే దీపపు నూనె వాసన వస్తుంది, దండం పెట్టుకుంటే పలక గుర్తొస్తుంది. రెండూ ఒకే చోట దొరకడం ఎంతమందికి జరుగుతుంది. ఆ అదృష్టం అమ్మ చేతి మీదుగా వచ్చింది.

బాపు చదువు వేరు. ఆయనకు అక్షరాలు రావు, ముఖాలు వచ్చు. మందలో ఏ గొర్రె ముఖం ఏదో, అది ఏ తల్లి కడుపున పుట్టిందో, దాని అమ్మమ్మ ఎట్లా ఉండేదో కూడా చెప్పేవాడు. మందలు కలిసిపోతే విడదీయడానికి ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. గొర్రెపిల్ల చెవికి చిన్న కోత పెడతారు. మాది ఎడమ చెవి కింది అంచున వంపు కోత. కాని బాపు దాన్ని ఎన్నడూ చూసేవాడు కాదు. కోత దొంగల కోసం, ముఖం కాపరి కోసం అనేవాడు.

ఇక ఆ సినిమా. మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, పెళ్ళికి ముందు రోజు మా ఇంటికి వీసీఆర్ వచ్చింది. నకిరేకల్ నుంచి కిరాయికి తెచ్చారు. దాంతో పాటు రంగుల టీవీ, వాటిని నడిపించే ఆపరేటరూ వచ్చారు. పగటిపూటే వేయాలన్నారు. బొమ్మ కనిపించాలంటే చీకటి కావాలి కనుక, ఉన్న గొంగళ్ళన్నీ తెచ్చి కిటికీలకూ తలుపుకూ వేలాడదీశారు. లోపల యాభై మంది, గొర్రె ఉన్ని వాసన, నలుగు పెట్టుకుని పచ్చగా మెరుస్తున్న పెళ్ళికొడుకు. అమ్మ టీవీకి కుంకుమ బొట్టు పెట్టింది. అది సినిమా అయ్యేదాకా తెర మూల మీద ఎర్రగా అట్లాగే ఉంది. సూర్యుడు కాబోలనుకున్నాను నేను.

సినిమాలో మాట రాని ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్లకు ఒక పొట్టేలు. వెన్నెల పడితే దాని కొమ్ములు బంగారమవుతాయి. ఆ కొమ్ములు పట్టుకుని పడుకుంటే ముసలితనం రాదని ఒక రాక్షసుడు దాన్ని ఎత్తుకుపోతాడు. వాడికి బారెడు మీసాలు. కత్తికీ బాణానికీ చావడు గాని, వాడి ప్రాణం తుమ్ములో ఉంది. ఒక్కసారి తుమ్మితే పోతాడు. అందుకని వాడి గుహలో పొద్దస్తమానం పదిమంది ఊడుస్తూనే ఉంటారు. తన గుహ ఊడ్పించుకోవడం తప్ప వాడికి వేరే దుర్మార్గం చేసే తీరిక ఉన్నట్టు కనిపించదు. మధ్యలో పొట్టేలు ఒకసారి తప్పించుకుని ఆకాశంలో ఎగురుతుంది, మళ్ళీ దొరికిపోతుంది. చివరికి ఆ పిల్ల పెద్ద గుమ్మడికాయలో దాక్కుని గుహలోకి పోతుంది.

సరిగ్గా అక్కడ క్యాసెట్ పట్టేసింది. తెర నిండా గీతలు. రాక్షసుడి గొంతు మేక గొంతయింది. ఆపరేటరు క్యాసెట్ బయటికి లాగి, కొత్త నోటుతో యంత్రం లోపల తుడిచి, మళ్ళీ పెట్టి, పట్టేసిన చోటును దాటించడానికి ముందుకు తిప్పాడు. బొమ్మ వచ్చేసరికి రాక్షసుడు అప్పటికే తుమ్ముతూ వెల్లకిలా పడుతున్నాడు. గుహ కూలింది. పిల్ల పొట్టేలును తోలుకుని ఊరికి వచ్చింది. ఊరివాళ్ళు దాని మెడలో పూలదండ వేశారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

బాపు లేచి నిలబడ్డాడు. గొంగడి సందులోంచి వచ్చే ఎండ ఆయన ముఖం మీద చారగా పడింది.

"ఆపున్రి. పోయింది ఎర్రది, వచ్చింది నల్లది. ఇది గా పొట్టేలు గాదు."

యాభై మందీ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వుకు గొంగళ్ళు ఊడిపడ్డాయంటే నమ్మండి. ఆపరేటరు తన టీవీ పరువు పోయిందనుకుని గబగబా రంగుల మీట తిప్పాడు. ఆ పిల్ల ముఖం పచ్చగా అయింది తప్ప పొట్టేలు మాత్రం నల్లగానే ఉంది. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ మెల్లగా, ఉన్ని కత్తిరించారేమో అంది. అది తీసేసే మాట కాదు. మా దిక్కు నల్ల గొర్రెల ఉన్ని కొసలు ఎండకు ఎర్రబడతాయి. కత్తెర పడితే లోపల నుంచి కాటుకలాంటి నలుపు బయటికి వస్తుంది. బాపుకు అది తెలియక కాదు. కాని నలుగురిలో నవ్వులపాలైన మనిషి కదా, అమ్మ మీదికి తిరిగాడు.

"రాక్షసుని గుహల కత్తెర ఏడికెళ్ళొస్తది?"

అమ్మ కొంగు సర్దుకుని ఊరుకుంది.

ఆ మాట బాపును వదలలేదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, మేనమామ మొదటి పలకరింపు అదే అయింది. పుట్టింటికి పోయిన కోడలు తిరిగి వస్తే, బావా ఎర్రది పోయి నల్లది రాలేదు కదా, జర చూసి చెప్పు అనేవాడు. మా ఊళ్ళో మంగలి దగ్గరికి పోయి వచ్చిన ప్రతి మగవాడూ ఆ మాట పడాల్సిందే. బాపు నవ్వేవాడు. నవ్వుతూనే ప్రతిసారీ చివర్లో, అది ఆ పొట్టేలు కాదు అనేవాడు. ఆయనకు అది సరదా కాదని ఇంట్లో మాకు తెలుసు.

నాకైతే అసలే కాదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బాపు చెప్పాడంటే అంతే. నల్లదాన్ని చూసి ఊరంతా పండుగ చేసుకుంటుంటే, అసలుది ఆ కూలిన గుహలో రాళ్ళ కింద ఒక్కటే ఉందన్నమాట. ఆ సాయంత్రం దీపం ముందు, అమ్మను, బాపును, మందను చల్లగా చూడు మల్లన్నా అన్న తర్వాత ఇంకో మాట చేర్చాను. గుహలో ఉన్న పొట్టేలును ఇంటికి తోలు స్వామీ అని. అమ్మ విన్నది. తప్పిపోయిన గొర్రె కోసం దేవుణ్ణి అడగడంలో తప్పు లేదంది. ఆ మాట నాలుకకు అలవాటైపోయింది. పెళ్ళై నకిరేకల్ వచ్చాక కూడా, పెదవులు వాటంతట అవే అనేవి. మా ఆయన ఒకసారి విని, ఏ గుహ అని అడిగాడు. పెద్ద కథ అని చెప్పి తప్పించుకున్నాను.

కాంపౌండర్ డిస్కు తెచ్చిన నాటికి ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది. అంతకు కొద్ది నెలల ముందు ఊళ్ళోకి కొత్త గొర్రెలు చాలా వచ్చాయి. వేరే దిక్కు నుంచి తెచ్చినవి. ఒక్కొక్కదాని చెవికి పసుపు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. ఏది ఎవరిదో తెలియాలంటే నంబరు చదివితే చాలు. బాపుకు చదవడం రాదు, పైగా రెండు కళ్ళలోనూ పొర కమ్ముతోంది. ఒకనాడు పక్క మందలోని తల్లి గొర్రెను మాదని తోలుకొచ్చి దొడ్లో కట్టేశాడు. దాని పిల్ల దడి అవతల నుంచి పొద్దంతా అరిచింది. సాయంత్రం ఆ గొర్రె ఆసామి వచ్చాడు. కొట్లాడి ఉంటే బాగుండేది. బాపు కూడా నాలుగు మాటలు అని తేలికపడేవాడు. కాని ఆయన ఎంతో మర్యాదగా, పెద్దాయనా జర బిళ్ళ సూడున్రి అని, గొర్రెను తోలుకుపోయాడు.

ఆ మర్యాద బాపును మంచానికి కట్టేసింది. నల్లగొండ దవాఖానలో ఒక కన్నుకు ఆపరేషన్ చేయించాం. చూపు వచ్చింది. అయినా మంద వైపు పోలేదు. ఎందుకు పోవడం లేదని అడిగితే చెప్పాడు.

"కన్ను పాడై తప్పిన అనుకున్న బిడ్డా. గని ఆనాడు టీవీ కాడ కండ్లు మంచిగనే ఉండె గద. గంతమంది నవ్విన్రు. నేనెన్నడు మొఖాలు ఎరిగినోణ్ణి గాదేమో."

ఇప్పుడు ఆ డిస్కు నా చేతిలో ఎంత బరువుగా ఉందో మీకు తెలుస్తుంది. బాపు గెలిస్తే ఆయన మళ్ళీ కర్ర పట్టుకుంటాడు. ఓడిపోతే, ఆ ఓటమిని నా చేతులతో నేనే తీసుకుపోయి ఆయన ముందు పెట్టినదాన్నవుతాను. ముందు నేనొక్కదాన్నే చూసి, బాగుంటేనే చూపించనా అనుకున్నాను. కాని చూశాక దాచాల్సి వస్తే బాపు ముఖంలోకి చూడలేను. ముఖాలు చదివే మనిషి ఆయన. డిస్కును రెండు రోజులు మల్లన్న పటం దగ్గర పెట్టి, నువ్వే చూసి పెట్టు స్వామీ అని దండం పెట్టుకున్నాను. మూడో రోజు ఆదివారం. డిగ్రీ చదివే నా కూతురు బీరువా మీద నుంచి పాత డీవీడీ ప్లేయరు దించి, దుమ్ము దులిపి, ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

మేము పోయేసరికి మేనమామ అప్పటికే దిగి ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులని వారం నుంచి గడప దాటని మనిషి, ఈ కబురు వినగానే మూడు మైళ్ళు వచ్చాడు. బాపును చూసి నవ్వి, ఎవరూ అడగకుండానే మంచం మీది గొంగడి తీసి కిటికీకి వేలాడదీశాడు. అమ్మ చాటలో పల్లికాయ పోసుకుని ఒలుస్తూ గోడవారన కూర్చుంది. బాపు కుర్చీని తెరకు జానెడు దూరంలో వేసుకున్నాడు.

సినిమా మొదలైంది. చిన్నప్పుడు నేను రెండు రాత్రులు జడుసుకున్న ఆ రాక్షసుడు ఇంత బక్కగా ఉన్నాడా అనుకున్నాను. వాడు గోడకు ఆనుకుంటే గుహ మొత్తం ఊగింది. కాళ్ళకు రబ్బరు చెప్పులు. వాడు నవ్వినప్పుడల్లా ఒకవైపు మీసం లేచిపోతోంది, వాడు దాన్ని చేత్తో అదిమి పట్టుకుని మిగతా నవ్వు నవ్వుతున్నాడు. నా కూతురు పొట్ట పట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, ఆ నటుడి మీద జాలీ వేసింది. అట్టలతో చేసిన గుహను పట్టుకుని మమ్మల్ని అంతగా భయపెట్టాడంటే ఎంత కష్టపడ్డాడో పాపం.

బాపు నవ్వలేదు. మొదటి దృశ్యంలో ఆ పిల్ల పొట్టేలుకు గడ్డి పెడుతుంటే ఆపమన్నాడు. నా కూతురు ఆపింది. బాపు ఆ ముఖాన్ని చూశాడు. వీసీఆర్ నాడు ఆపి చూసే అవకాశం ఎక్కడిది. ఎర్ర కొసల ఉన్ని, వెడల్పు నుదురు, కుడి కంటి కింద కొంచెం మడత. చాలు, నడిపించు అన్నాడు.

తర్వాత పొట్టేలు ఆకాశంలో ఎగిరే చోటు వచ్చింది. కింద నుంచి మబ్బుల పొగ, బంగారు కొమ్ములు, గాల్లో ఆడుతున్న నాలుగు కాళ్ళు. బాపు చెయ్యెత్తాడు.

"ఆపు బిడ్డా. ఇది పొట్టేలు గాదు."

మేనమామ తొడ చరిచాడు. ఇగ మొదలు పెట్టిండు మా బావ అని మా వైపు తిరిగి కన్నుగీటాడు. బాపు ఆయన్ను పట్టించుకోలేదు. లేచి, తెర మీద వేలు పెట్టాడు.

"తల్లి గొర్రె. కొమ్ములు కట్టిన్రు. పొదుగు సూడున్రి."

మేమంతా దగ్గరికి జరిగాం. నా కూతురు రిమోటుతో బొమ్మను పెద్దది చేసింది. నిజమే. కొమ్ములను గడ్డం కింద దారంతో కట్టారు, ముడి కూడా కనిపిస్తోంది. కడుపు కింద నిండు పొదుగు. ముప్పై ఏళ్ళలో ఆ సినిమా ఎంతమంది చూశారో, ఆకాశంలో ఎగిరింది ఒక బాలింత గొర్రె అని ఎవరైనా చూశారో లేదో. మేనమామ మొదట నోరు తెరిచాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, దగ్గు వచ్చి, అమ్మ నీళ్ళు తెచ్చిచ్చేదాకా నవ్వాడు. ఈసారి ఆ నవ్వు బాపు మీద కాదు. బాపు మాత్రం ఇంకా తెరనే చూస్తున్నాడు. పొదుగు నిండి ఉంది, పిల్లను ఎక్కడో కట్టేసి దీన్ని తెచ్చారు, పాలు తాగే వేళ దాటింది అన్నాడు. ఆయన మనసులో ఏ దడి అవతల ఏ పిల్ల అరుస్తోందో నాకు తెలిసింది.

అప్పుడు గుమ్మడికాయ వచ్చింది. నా కూతురికి తెలియదు గాని, మేము నలుగురం ఒక్కసారే ముందుకు వంగాం. ఇక్కడే ఆనాడు క్యాసెట్ పట్టేసింది. ఇక్కడి నుంచి రాక్షసుడు పడేదాకా మాలో ఎవరూ చూడలేదు.

గుమ్మడికాయ మూత తీసుకుని ఆ పిల్ల బయటికి వచ్చింది. స్తంభానికి కట్టేసి ఉంది పొట్టేలు. పక్కన రాక్షసుడు గుర్రు పెడుతున్నాడు. వాడి దిండు పక్కన, మీసాలు కత్తిరించుకోవడానికి పెట్టుకున్న మూరెడు కత్తెర.

చాటలో పల్లికాయ చప్పుడు ఆగింది.

పిల్ల కత్తెర తీసుకుంది. పొట్టేలును పడుకోబెట్టి ఉన్ని కత్తిరించడం మొదలుపెట్టింది. బాపు తన సంగతే మరిచిపోయి, అట్లా కాదు, కత్తెర వాల్చి పట్టాలి, తోలు తెగుతుంది అని ఆ పిల్లకు నేర్పబోయాడు. ఎర్ర ఉన్ని కింద పడుతుంటే లోపల నుంచి నల్లటి పొట్టేలు బయటపడింది. పిల్ల ఆ ఉన్నిని బొంగు గొట్టంలో పెట్టి రాక్షసుడి ముక్కులోకి ఊదింది. వాడు తుమ్మాడు. గుహ కూలింది.

అమ్మ ఒక పల్లికాయ ఒలిచి, గింజలు నోట్లో వేసుకుని, నింపాదిగా అడిగింది.

"కత్తెర దొరికిందా?"

ముప్పై ఏళ్ళు దాచుకున్న మాట. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

చివరి దృశ్యం వచ్చింది. మెడలో పూలదండతో నల్ల పొట్టేలు. ఈసారి ఆపమని ఎవరూ చెప్పకుండానే నా కూతురు ఆపింది. తాతా, మొదట కూడా కుడి చెవి కొసకు కోత ఉంది, ఇప్పుడూ ఉంది, చూడు అని చూపించబోయింది. బాపు చెవి వైపు చూడలేదు. పొట్టేలు ముఖంలోకి చూస్తున్నాడు. కుడి కంటి కింద ఆ మడత. నేను ఆయన్నే చూస్తున్నాను.

"అదే" అన్నాడు బాపు. "మొఖం అదే. ఆనాడు నేను మొఖం సూడలె. రంగు సూసి ఎగిరిన."

కత్తెర పడిన రోజు పిల్ల కూడా తల్లిని గుర్తుపట్టదు, తల్లి దగ్గరికి పోయి వాసన చూసేదాకా అరుస్తూనే ఉంటుంది అని చెప్పాడు. మొన్న పక్క మందలోని గొర్రెను కూడా, కంటి పొరలోంచి రంగే చూశాను గాని ముఖం చూడలేదన్నాడు. ముఖం చూసి తాను ఎన్నడూ తప్పలేదని ఆ మాటకు అర్థం. ఆయన ఆ అర్థాన్ని పైకి చెప్పలేదు. కాని కుర్చీలో ఆయన వెన్ను నిటారైంది.

మేనమామకు మాత్రం తేలాల్సిన లెక్క ఒకటి ఉంది.

"గయితే బావా, నేను ఇన్నేండ్లు ఉత్తగనే నవ్విన్నా, సరిగనే నవ్విన్నా?"

"సరిగనే నవ్వినవ్ బామ్మర్దీ" అన్నాడు బాపు. "ఇగ చాలు. పొట్టేలు ఇల్లు చేరింది."

ఆ మాట విని నాకు కళ్ళు చెమర్చాయి. ఓడిపోయినందుకు బాధపడతాడనుకున్న మనిషి, పొట్టేలు ఇల్లు చేరినందుకు సంతోషపడుతున్నాడు. నా సంగతీ అప్పుడే తట్టింది. తొమ్మిదేళ్ళ నాటి నుంచి దీపం ముందు నేను అడుగుతూ వచ్చింది, నేను మొదటిసారి అడగకముందే జరిగిపోయింది. మల్లన్న ఎప్పుడో ఇచ్చేశాడు. మాకే క్యాసెట్ పట్టేసింది. ఇట్లా ఇంకా ఎన్ని ఇచ్చి ఉంటాడో, నేను చూడని ముక్కలో ఎన్ని ఉండిపోయాయో.

తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. మేనమామ గొంగడి తీయబోతుంటే బాపు ఆగమని, మనవరాలిని ఆ పేర్లు చదవమన్నాడు. అది చదువుతూ పోయింది. కథ రాసినవాళ్ళు, పాట పాడినవాళ్ళు, దీపాలు పట్టినవాళ్ళు, మీసాలు అతికించినవాళ్ళు, అన్నం వండినవాళ్ళు. అన్నీ అయిపోయి తెర నల్లబడింది. బాపు ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"పొట్టేలును తెచ్చినోని పేరేది?"

లేదని చెప్పింది నా కూతురు. మళ్ళీ వెనక్కి తిప్పి వెతికింది. నిజంగానే లేదు.

అప్పుడు బాపు చెవి కోత గురించి మాట్లాడాడు. ఆ కోత పెట్టినవాడు ఒకడు ఉన్నాడు కదా అన్నాడు. ఉన్ని ఉన్నప్పుడు ముందు దృశ్యాలు తీసి, కత్తిరించాక చివరివి తీసి ఉంటారు. అన్ని రోజులూ ఆ మనిషి తన మందను ఎవరికో అప్పజెప్పి, ఈ పొట్టేలును పట్టుకుని ఆ దీపాల మధ్య నిలబడి ఉండాలి. తల్లి గొర్రెను గాల్లోకి లేపుతుంటే కింద చేతులు చాపి నిలబడింది కూడా వాడే అయి ఉంటాడు. పిల్లకు పాలు తాగే వేళ దాటిందని గొణిగింది కూడా వాడే. పొట్టేలును బాగా సాకాడు, ముఖం చూస్తేనే తెలుస్తోంది అన్నాడు బాపు. ఒక కాపరి ఇంకో కాపరికి ఇచ్చే మెప్పు అంతకంటే పెద్దది ఉండదు.

మర్నాడు పొద్దున్నే బాపు కర్ర పట్టుకుని మంద వెంట పోయాడు. ఇప్పటికీ పోతున్నాడు, ఎక్కువ దూరం కాదు, ఊరి బయటి చెలక దాకా. పసుపు బిళ్ళల గొర్రెల ముఖాలు కూడా నేర్చుకున్నాడు. కొత్తగా సూదులు వేసే పిల్లలు నంబరు రాసుకుంటుంటే, ఆయన దాని తల్లి ఎవరో చెప్తాడు. మేనమామ పెళ్ళిళ్ళలో ఇప్పుడు కొత్త మాట పట్టుకున్నాడు. ఎవరు ఏది గొప్పగా చెప్పినా, పొదుగు చూశావా అంటాడు. అత్త దాని కోసం ఆయన్ను రెండుసార్లు తిట్టింది.

ఆ ఆదివారం మేము బయల్దేరుతుంటే బాపు నన్ను పక్కకు పిలిచాడు. నీ దీపం కాడ ఇక పొట్టేలు మాట తీసెయ్ బిడ్డా, ఆ జాగాలో వాణ్ణి పెట్టు అన్నాడు. అప్పటి నుంచి అట్లాగే చేస్తున్నాను. పేరు తెలియదు, ఊరు తెలియదు. మల్లన్నకు తెలుసు కదా అని, కుడి చెవి కొసకు కోత పెట్టే కాపరి అని మాత్రం చెప్పుకుంటాను.

అమ్మ దీపం వెలుగులో నేర్పిన అక్షరాలు ఇన్నేళ్ళకు ఇందుకు పనికొచ్చాయి. ఇది చదివిన మీకు ఒక్క మనవి. దీపం పెట్టే అలవాటుంటే దీపం దగ్గర, లేకపోతే ఈసారి ఏదైనా సినిమా అయిపోయి పేర్లు వస్తున్నప్పుడు, లేచిపోకుండా ఒక్క నిమిషం కూర్చోండి. పొట్టేలును తోలుకొచ్చి, మళ్ళీ క్షేమంగా ఇంటికి తోలుకుపోయిన ఆ పేరు రాని కాపరిని తలచుకోండి.